ఇంట్లో ఆర్కిడ్లకు గాలిలో తేమ: ఎంత ఉండాలి, ఎలా అందించాలి

నర్సరీలో కొన్నప్పుడు ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ కాడకు నాలుగైదు పూలు విచ్చుకుని, చివర మరికొన్ని మొగ్గలు నిండుగా కనిపిస్తాయి. ఇంటికి తెచ్చి హాల్లో పెట్టిన కొద్ది రోజులకే ఆ మొగ్గలు పసుపు తిరిగి, ముట్టుకుంటే చాలు రాలిపోతాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుని ఇంకాస్త పోస్తారు. ఈసారి వేళ్ళు కుళ్ళుతాయి. ఎండలు ముదిరే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆర్కిడ్ కొన్న చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది. నర్సరీవాళ్ళ పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ కప్పిన మొక్కల షెడ్డులో) తేమగాలికి అలవాటుపడిన మొక్క ఒక్కసారిగా పొడిగాలిలోకి వచ్చింది. కుండీలో ఎన్ని నీళ్ళు పోసినా ఆ లోటు తీరదు.

స్ప్రే సీసాతో ఆకుల మీద నీళ్ళు చల్లినా తీరదు. తేమ మొక్క ఉన్న చోటులో ఉండాలి, రోజంతా ఉండాలి, గాలి ఆడుతూ ఉండాలి. అలాంటి చోటు మీ ఇంట్లో ఎక్కడుందో వెతకడం, లేకపోతే తయారుచేసుకోవడం, కాలం మారినప్పుడల్లా దాన్ని సరిదిద్దుకోవడం: చేయాల్సిన పనంతా ఇదే.

ముందు ఆర్కిడ్ వేరును చూడండి

మనం ఇళ్ళలో పెంచే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే జాతులు, లేదా వాటి సంకరాలు. మన ప్రాంతంలోనూ మామిడి వంటి పెద్ద చెట్ల బెరడును అంటిపెట్టుకుని వాండా టెసెల్లేటా పెరుగుతుంది. దాని వేళ్ళలో సగం గాలిలోనే వేలాడుతుంటాయి. మట్టి నుంచి నీళ్ళు తీసుకునే అవకాశం వాటికి లేదు. వాన, మంచు, గాలిలోని తేమ, ఇవే ఆధారం.

ఆ వేరు మీద వెలామెన్ అనే తెల్లటి పొర ఉంటుంది. లోపల ఖాళీగా మిగిలిన మృతకణాలతో ఏర్పడిన పొర అది. మీ మొక్క కుండీ అంచు దాటి బయటకు వచ్చిన వేరు ఒకటి ఎంచుకుని, దాని మీద చెంచాడు నీళ్ళు పోసి చూస్తూ ఉండండి. వెండిరంగులో ఉన్న వేరు మీద ఆకుపచ్చ మరకలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, చూస్తుండగానే వేరంతా పచ్చబడుతుంది. పొర నీళ్ళు పీల్చుకుని పారదర్శకం కావడంతో లోపలి పచ్చదనం పైకి కనిపించిందన్నమాట. తర్వాత ఎంతసేపటికి అది మళ్ళీ వెండిరంగుకు తిరుగుతుందో గమనించండి. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్ బాల్కనీలో చాలా త్వరగా తిరుగుతుంది. ఆగస్టులో పూటంతా పచ్చగానే ఉంటుంది. మీ ఇంటి గాలి గురించి ఆ వేరు చెప్పే మొదటి సమాచారం అది.

మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. మందమైన ఆకులున్న ఫెలనాప్సిస్, కాట్లియా, వాండా వంటి ఆర్కిడ్లు పగలు ఆకు రంధ్రాలను మూసుకుని, రాత్రి తెరుస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌ను రాత్రే తీసుకుని దాచుకుంటాయి. పగటి ఎండలో నీరు పోగొట్టుకోకుండా అవి చేసుకున్న ఏర్పాటు ఇది. అందువల్ల రాత్రిపూట గాలి ఎలా ఉందన్నది వీటికి చాలా ముఖ్యం. రాత్రంతా ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టిన ఫెలనాప్సిస్ నీరసించడానికి ఒక కారణం ఇక్కడే ఉంది.

ఎంత తేమ కావాలి

ఫెలనాప్సిస్‌కు 50 నుంచి 80 శాతం మంచిది. ఇళ్ళలో 50 నుంచి 70 మధ్య ఉంటే తృప్తిపడవచ్చు. కాట్లియాకూ దాదాపు అంతే. డెండ్రోబియం సంకరాలకు 50, 60 శాతం చాలు. ఆన్సిడియంలు ఇంకాస్త పొడిగాలిని కూడా ఓర్చుకుంటాయి. వేళ్ళు గాలిలో వేలాడుతూ పెరిగే వాండాకు మాత్రం 70 శాతం దాటితేనే సుఖం, 80 ఉంటే ఇంకా మంచిది. మీరు హైదరాబాద్, కర్నూలు, అనంతపురం, రామగుండం వంటి పొడి ఊళ్ళలో ఉండి ఇప్పుడే మొదలుపెడుతుంటే, వాండా జోలికి వెళ్ళకుండా డెండ్రోబియంతో ప్రారంభించండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. అక్కడ వాండా వరండాలోనే హాయిగా పెరుగుతుంది.

ఈ శాతాలను వేడితో కలిపి చూడాలి. గాలి పట్టుకోగల నీటిలో ఎంత భాగం అందులో ఉందో చెప్పే లెక్క ఇది. గాలి వేడెక్కేకొద్దీ అది పట్టుకోగల నీటి పరిమాణం పెరుగుతుంది. ఉదయం 27 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి, చుక్క నీరు కూడా పోగొట్టుకోకుండానే, మధ్యాహ్నం 40 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 30 శాతానికి దిగిపోతుంది. అంటే వేసవిలో మొక్కను చల్లటి నీడలోకి మార్చడం కూడా తేమ పెంచినట్టే. గాలిలోకి తేమ వదిలే యంత్రం, హ్యుమిడిఫయర్, కొనడానికి ముందు ఇది గుర్తుంచుకోండి. రూపాయి ఖర్చు లేని ఉపాయం ఇదే.

మొదటి పని: కొలవండి

గాలిలో తేమను కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ 300 నుంచి 500 రూపాయల్లో దొరుకుతుంది. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపి, గరిష్ఠ కనిష్ఠ అంకెలను గుర్తుంచుకునే రకం తీసుకోండి. మీరు ఇంట్లో లేని మధ్యాహ్నం ఏం జరిగిందో ఆ కనిష్ఠ అంకె చెబుతుంది.

చవక మీటర్లు ఐదు పది శాతం తప్పు చూపించడం మామూలే. అందుకే వాడే ముందు ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు మామూలు ఉప్పు పోసి, చుక్కచుక్కగా నీళ్ళు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ముద్దగా ఉండాలి. ఆ మూతనూ మీటరునూ పక్కపక్కనే గాలి చొరని జిప్ కవరులో గానీ, బిగుతైన మూత ఉన్న డబ్బాలో గానీ పెట్టి, ఉప్పు మీటరుకు తగలకుండా చూసి మూసేయండి. ఎండ తగలని చోట రాత్రంతా వదిలేయండి. ఉప్పు ముద్ద పైన మూసి ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఇది భౌతికశాస్త్ర నియమం, మన గది ఉష్ణోగ్రతల్లో పెద్దగా మారదు. తెల్లవారి మీటరు 69 చూపిస్తే అది 6 తక్కువ చూపుతోందని అర్థం. ఆ తేడాను చిన్న కాగితం మీద రాసి మీటరు వెనక అంటించండి.

ఇప్పుడు దాన్ని మొక్క పెట్టాలనుకున్న చోట, ఆకుల ఎత్తులో ఉంచండి. గోడకు తగిలించవద్దు, ఎండ పడనివ్వవద్దు. తెల్లవారుజామున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పడుకునే ముందు, ఇలా మూడు పూటలా అంకెలు రాసుకోండి. వారం చాలు. హాలు, పడకగది, వంటింటి కిటికీ, వాష్ ఏరియా, బాల్కనీ, ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకే ఇంట్లో రెండు గదుల మధ్య అంత తేడా ఉంటుందా అని ఆశ్చర్యపోతారు.

రెండో పని: చోటు మార్చండి

అంకెలు చేతికి వచ్చాక, మొక్కను తేమ ఎక్కువగా ఉన్న చోటికి తీసుకెళ్ళండి. తేమను మొక్క దగ్గరకు తేవడం కంటే ఇది సులువు. వెలుతురు బాగా వచ్చే స్నానాలగది కిటికీ ఫెలనాప్సిస్‌కు చక్కని చోటు. బట్టలు ఉతికి ఆరవేసే వాష్ ఏరియా కూడా మంచిదే. అక్కడ నేల రోజూ తడుస్తుంది, తడిబట్టల నుంచి ఆవిరి వస్తుంది. తూర్పు బాల్కనీలో ఉదయపు ఎండ పడి, పది దాటాక నీడ వస్తే డెండ్రోబియంకు బాగుంటుంది. పడమటి బాల్కనీని వేసవిలో వదిలేయండి. పదో అంతస్తు, పన్నెండో అంతస్తు బాల్కనీల్లో గాలి వేగం వల్ల వేళ్ళు కింది అంతస్తుల కంటే ఎంతో త్వరగా ఆరిపోతాయి. అలాంటి చోట షేడ్ నెట్‌ను నీడ కోసమే కాక, గాలి జోరు తగ్గించడానికీ కట్టుకోవాలి.

ఏసీ గురించి ఊరిని బట్టి మాట్లాడాలి. ఏసీ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. విశాఖలో ఆ బకెట్ గబగబా నిండుతుంది. ఆ నీళ్ళన్నీ మీ గది గాలిలోంచి లాగినవే. మే నెల పొడి రోజుల్లో హైదరాబాద్‌లో అంతగా పడవు, ఎందుకంటే గాలిలో లాగడానికి ఉన్నదే తక్కువ. బయట 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న రోజున గదిని 26 డిగ్రీలకు చల్లబరిస్తే లోపలి తేమ 40 శాతం పైకి వస్తుంది. కాబట్టి అలాంటి రోజుల్లో ఏసీ గది బయటి కంటే మేలు. కానీ ఏసీ నుంచి వచ్చే గాలి ఆకులకు, మొగ్గలకు నేరుగా తగలకూడదు. ఏసీ ఆన్ చేసి మొక్క దగ్గర పలచటి కాగితం ముక్క పట్టుకోండి. అది రెపరెపలాడితే కుండీని పక్కకు జరపండి.

మూడో పని: తేమ పెంచండి

మొక్కలను ఒంటరిగా ఉంచకండి. నాలుగైదు ఆర్కిడ్లు, వాటి పక్కన ఫెర్న్, మనీ ప్లాంట్, అరెకా పామ్ వంటివి చేర్చితే అన్నీ వదిలే ఆవిరి వాటి మధ్యే కాసేపు నిలుస్తుంది. కుండీలు ఒకదానికొకటి ఆనుకోకుండా చేయి దూరేంత సందు వదలండి. పొడి ప్రాంతాల్లో ఇది తప్పనిసరిగా చేయాల్సిన పని.

గులకరాళ్ళ పళ్ళెం గురించి అందరూ చెబుతారు. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, రాళ్ళ సగం ఎత్తు వరకు నీళ్ళు పోసి, పైన కుండీ పెట్టడం పద్ధతి. కుండీ అడుగు నీళ్ళకు తగలకూడదు. తప్పు పద్ధతేమీ కాదు, కానీ దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. మొక్క దగ్గర పెరిగే తేమ కొద్ది శాతమే. సీలింగ్ ఫ్యాను తిరిగితే అదీ చెదిరిపోతుంది. మొక్కలన్నిటికీ కలిపి ఒకే పెద్ద ట్రే పెడితే కొంత ఎక్కువ ఫలితం ఉంటుంది. నిలవ నీరు కనుక దోమలను మరవకండి. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇలాంటి శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికి ఒకసారి పళ్ళెం వంచేసి, రాళ్ళనూ అంచులనూ బ్రష్‌తో రుద్ది కడగండి.

పళ్ళెం కంటే మన పాత పద్ధతులే బాగా పనిచేస్తాయి. వేసవిలో బాల్కనీ నేలను ఉదయం పదకొండింటికి, మళ్ళీ రెండింటికి తడపండి. కమ్మీలకు గోనెసంచులు గానీ వట్టివేళ్ళ తడికలు గానీ కట్టి నీళ్ళు చల్లుతూ ఉండండి. తడిసిన గోనె గుండా వచ్చే వడగాలి చల్లబడుతుంది, తేమనూ తెస్తుంది. గచ్చు నేల కంటే ఇటుక ముక్కలు పరిచిన నేల ఎక్కువసేపు తడి నిలుపుకొంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలకు కూడా డెండ్రోబియంలను బాల్కనీలో నిలబెట్టగలిగేది ఈ రెండు పూటల తడుపుడే.

ఎయిర్ కూలర్ ఉన్న ఇంట్లో ఆర్కిడ్‌కు అదృష్టం కలిసొచ్చినట్టే. తడి గడ్డి గుండా గాలిని లాగే కూలర్ తన పని తాను చేస్తూనే గది తేమను బాగా పెంచుతుంది. కిటికీ ఒకటి కొద్దిగా తెరిచి ఉంచి, మొక్కను కూలర్‌కు ఎదురుగా కాకుండా గదిలో ఓ పక్కకు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఫెలనాప్సిస్‌ను కాపాడుకోవడానికి నేను ముందుగా సూచించేది కూలర్ ఉన్న గదినే. హ్యుమిడిఫయర్ ఆ తర్వాతే.

హ్యుమిడిఫయర్ కొనదలచుకుంటే తేమను చూసుకుని తానే ఆగిపోయే రకం కొనండి. 60 శాతానికి పెట్టండి. మనుషులుండే గదిని రోజుల తరబడి 70 శాతం పైన ఉంచితే గోడలకు, పుస్తకాలకు, అల్మారాల వెనక బూజు పడుతుంది. పొగలాంటి తుంపర వదిలే అల్ట్రాసోనిక్ రకంలో బోరు నీళ్ళు పోయవద్దు. నీళ్ళలోని లవణాలన్నీ తెల్లటి పొడిగా మారి ఆకుల మీద, టీవీ మీద పేరుకుంటాయి. శుద్ధి చేసిన ఆర్వో నీళ్ళు పోయండి. ఫిల్టరు నుంచి వృథాగా పోయే గొట్టం నీళ్ళలో లవణాలు మరీ ఎక్కువ, వాటిని హ్యుమిడిఫయర్‌లోనే కాదు, ఆర్కిడ్ కుండీలోనూ పోయకండి. ట్యాంకును రోజూ ఖాళీ చేసి, వారానికి ఒకసారి వెనిగర్ కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టండి. తుంపర మొక్క మీద పడేలా కాక, మొక్కకు మీటరు దూరంలో పైకి వెళ్ళేలా అమర్చండి.

స్ప్రే సీసా సంగతి

ఆకుల మీద చల్లిన నీళ్ళు గాలి తేమను పెంచేది కొద్ది నిమిషాలే. ఆవిరి కాగానే గాలి మళ్ళీ మామూలే. ఈ లోపు ఫెలనాప్సిస్ నడిబొడ్డున, కొత్త ఆకు పుట్టే గుంటలో, నీళ్ళు చేరతాయి. సాయంత్రం చల్లితే రాత్రంతా అక్కడే నిలిచి గుంట కుళ్ళుతుంది. ఫెలనాప్సిస్‌కు పెరిగే చోటు ఆ ఒక్కటే. అది కుళ్ళితే మొక్కను కాపాడుకోవడం చాలా కష్టం. పొరపాటున నీళ్ళు చేరితే టిష్యూ కాగితాన్ని సన్నగా మెలిపెట్టి, కొసను ఆ గుంటలోకి దింపండి. కాగితం తడిని పైకి లాగేస్తుంది. రెండోసారి పొడి కాగితంతో అలాగే చేసి, గుంట మెరవకుండా ఉందో లేదో చూసుకుని వదిలేయండి.

స్ప్రే అసలు వద్దని కాదు. బుట్టల్లో వేలాడే వాండా వేళ్ళకు, బెరడు ముక్కకు కట్టిన చిన్న మొక్కలకు అది అవసరమే. అప్పుడు మీరు చేస్తున్నది వేళ్ళకు నీళ్ళు పెట్టడం. ఉదయాన్నే చేయండి, వేళ్ళన్నీ వెండిరంగు పోయి పచ్చబడే వరకు చల్లండి. పొడి ఊళ్ళలో వేసవిలో వాండా వేళ్ళను రోజూ ఉదయం 10, 15 నిమిషాలు బకెట్ నీళ్ళలో ముంచి ఉంచడం ఇంకా మంచిది. మధ్యాహ్నం చూసి వేళ్ళు మరీ పెళుసుగా ఉంటే మళ్ళీ ఒకసారి తడపవచ్చు. చీకటి పడేలోగా ఆకుల మొదళ్ళు ఆరిపోవాలి.

కుండీలో ఏం వేశారన్నదీ తేమే

వేళ్ళ చుట్టూ ఉన్న గాలి కుండీ లోపలి గాలే. అందువల్ల ఊరిని బట్టి కుండీ మిశ్రమం మారాలి. కోస్తాలో బొగ్గు, ఇటుక ముక్కలు చాలు, కొబ్బరి డొక్క ముక్కలు కొద్దిగా కలిపితే సరి. నాచు, పీచు ఎక్కువైతే వానాకాలంలో వేళ్ళు ఆరవు. తెలంగాణ, రాయలసీమల్లో బొగ్గు, చెట్టు బెరడు ముక్కలతో పాటు కొబ్బరి డొక్క ముక్కలు ఎక్కువ పాళ్ళలో వేసి, పైన పలచగా స్ఫాగ్నం నాచు కప్పండి. కొబ్బరి డొక్కను వాడే ముందు రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు మార్చుతూ, ఎర్రటి ఊట తగ్గే వరకు కడగాలి. అందులో ఉప్పు, టానిన్లు ఉంటాయి.

కొత్తగా కొన్న ఫెలనాప్సిస్ సాధారణంగా గట్టిగా కుక్కిన నాచులో వస్తుంది. పైన ఎండినట్టే ఉంటుంది, నడుమ తడిగా ఉంటుంది. వేలు లోపలికి పెట్టి చూడకుండా నీళ్ళు పోయకండి. గాలిలో తేమ తక్కువైందని కుండీలో నీళ్ళు పెంచితే నష్టం రెట్టింపవుతుంది.

గాలి ఆడకపోతే తేమ విషమే

19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ సంపన్నులు ఉష్ణమండలాల నుంచి ఆర్కిడ్లు తెప్పించి, కిటికీలు మూసిన, ఆవిరి నిండిన గాజు గదుల్లో పెట్టేవారు. వేల మొక్కలు చచ్చిపోయాయి. అక్కడి చాట్స్‌వర్త్ అనే పెద్ద భవంతి తోటలకు ప్రధాన తోటమాలి అయిన జోసెఫ్ పాక్స్‌టన్ వేడి తగ్గించి, గాలి ఆడేలా చేసి పెంచడంతో పరిస్థితి మారింది. చెట్టు కొమ్మ మీద పెరిగే మొక్కకు తేమతో పాటు గాలి కూడా కావాలని వాళ్ళకు తెలియడానికి అంత కాలం పట్టింది.

ఇంట్లో చిన్న టేబుల్ ఫ్యానును అతి తక్కువ వేగంలో, మొక్కల మీదికి కాకుండా గోడ వైపు తిప్పి పెట్టండి. గోడకు తగిలి మళ్ళిన గాలి చాలు. ఆకు కొద్దిగా కూడా ఊగనవసరం లేదు. తేమ 70 శాతం దాటినప్పుడు ఈ ఫ్యాను పగలూ రాత్రీ తిరగాలి.

వానలు మొదలయ్యాక

మృగశిర కార్తె దాటి వానలు పడగానే పని తిరగబడుతుంది. నిన్నటిదాకా తేమ పెంచడానికి పాటుపడ్డవారు ఇప్పుడు దాన్ని అదుపులో పెట్టాలి. తడి గోనెలు విప్పేయండి. పళ్ళేలు ఖాళీ చేసి బోర్లించండి. హ్యుమిడిఫయర్‌ను కడిగి ఆరబెట్టి అటక ఎక్కించండి. కుండీల మధ్య సందు పెంచండి. ఒకటి రెండు వానలు తగిలితే ఆర్కిడ్లు కళకళలాడతాయి, వాన నీళ్ళలో లవణాలు ఉండవు కనుక వేళ్ళకూ మంచిది. కానీ ముసురు పట్టి రోజుల తరబడి తడుస్తుంటే చూరు కిందికి చేర్చండి. నెల్లూరు, తిరుపతి వైపు ఈ జాగ్రత్త అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పాటించాలి, అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ.

ఈ రోజుల్లో ఆకు మీద నీరు నిండినట్టున్న గోధుమరంగు మచ్చ కనబడి రోజురోజుకూ పెద్దదవుతుంటే అది బ్యాక్టీరియా తెగులు. ఆలస్యం చేయకండి. మంట మీద కాల్చి చల్లార్చిన బ్లేడుతో మచ్చకు ఒకటి రెండు సెంటీమీటర్లు అవతల, పచ్చటి భాగంలో కోసేయండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దవచ్చు, వేళ్ళకు మాత్రం తగలనివ్వవద్దు, ఎండగొట్టేస్తుంది. ఆ మొక్కను మిగతావాటికి దూరంగా, ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. పూల రేకుల మీద సన్నటి గోధుమ చుక్కలు వస్తే అది బూజు తెగులు. మొక్కకు ప్రమాదం లేదు, పూల అందం పోతుంది. మచ్చపడ్డ పూలు తీసేసి గాలి ఆడేలా చేయండి.

చలికాలంలో చెప్పుకోవాల్సింది కొంచెమే. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల కంటే కిందికి దిగుతాయి. చలీ తడీ కలిస్తే ఫెలనాప్సిస్ తట్టుకోలేదు. రాత్రి ఇంట్లోకి తెచ్చుకోండి, నీళ్ళు ఉదయమే పోయండి. మధ్యాహ్నం తేమ 45 శాతానికి దిగినా కంగారు పడనవసరం లేదు.

అమెరికా, కెనడాలలో చలిదేశపు ఇళ్ళలో ఆర్కిడ్ పెంచేవారి పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. బయట సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి ఇంట్లో 21 డిగ్రీలకు వేడెక్కేసరికి 20 శాతానికి పడిపోతుంది. పళ్ళేలూ గోనెలూ అక్కడ చాలవు. హ్యుమిడిఫయర్ కొనాల్సిందే. మొక్కను వేడిగాలి వచ్చే రంధ్రాలకు దూరంగా ఉంచాలి.

మొక్క ఏం చెబుతోంది

ఆన్సిడియం జాతి మొక్కల్లో కొత్త ఆకు విసనకర్ర మడతల్లా ముడుచుకుని వస్తే, ఆకు పెరుగుతున్న రోజుల్లో తేమ గానీ నీరు గానీ చాలలేదన్నమాట. ఆ ముడతలు ఇక పోవు. తర్వాత వచ్చే ఆకు సాఫీగా ఉంటే మీ మార్పులు ఫలించినట్టు. వేరు కొసన ఉండే పచ్చటి లేదా ఎర్రటి మొన పెరుగుదలకు గుర్తు. అది మూసుకుపోయి తెల్లబడితే వేరు పెరగడం ఆపేసింది. ఆకుల అడుగున సన్నటి గూడు, పైన వెలిసిన చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి పట్టింది. వేడి పొడిగాలిలోనే అది విజృంభిస్తుంది. తడిగుడ్డతో ఆకులు రెండు వైపులా తుడవండి.

ఫెలనాప్సిస్ ఆకులు మెత్తబడి వేలాడుతుంటే మాత్రం వెంటనే తేమ మీదికి నెపం నెట్టకండి. ఎక్కువసార్లు దోషం వేళ్ళలో ఉంటుంది. కుండీ నుంచి తీసి చూడండి. వేలితో నొక్కితే గట్టిగా ఉన్నవి బతికిన వేళ్ళు. మెత్తగా, గుల్లగా నలిగిపోయేవి కుళ్ళినవి. వాటిని కత్తిరించి కొత్త మిశ్రమంలో నాటాకే తేమ సంగతి. అప్పుడు 60, 70 శాతం తేమ ఉన్న నీడపట్టు చోటు ఆ మొక్కకు నిజంగా ప్రాణం పోస్తుంది, ఎందుకంటే మిగిలిన కొద్ది వేళ్ళతోనే అది ఆకులను పోషించుకోవాలి.

మొగ్గలు రాలడానికీ వేరే కారణం ఉండవచ్చు. వేసవిలో మామిడికాయలు మాగబెట్టిన గదిలో ఆర్కిడ్ పెట్టకండి. మాగే పండ్ల నుంచి వెలువడే ఎథిలీన్ వాయువు మొగ్గలను రాల్చేస్తుంది, పూలను త్వరగా వడలిపోయేలా చేస్తుంది. డైనింగ్ టేబుల్ మీద అరటిపండ్ల పక్కన కూడా వద్దు. మీటరు 60 చూపిస్తున్నా మొగ్గలు రాలుతుంటే ముందుగా చుట్టూ పండ్లున్నాయేమో చూడండి.

సెలవులకు ఊరెళ్ళేటప్పుడు

వేసవి సెలవుల్లో వారం రోజులు ఇల్లు తాళం వేసి వెళ్ళాల్సి వస్తే, బయలుదేరే ముందు రోజు ఉదయం మొక్కలన్నిటికీ వేళ్ళు పచ్చబడేలా నీళ్ళు పోసి, ఆకుల మొదళ్ళు ఆరనివ్వండి. వెలుతురు వచ్చే స్నానాలగదిలో వెడల్పాటి టబ్బులో ఇటుక ముక్కలు పరిచి తడిపి, వాటి మీద బోర్లించిన గిన్నెలు పెట్టి, ఆ గిన్నెల మీద కుండీలు ఉంచండి. ఇటుక ముక్కలు పీల్చుకోగా టబ్బు అడుగున నీరు మిగలకుండా చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపి, తలుపు జానెడు తెరిచి ఉంచండి. పాలిథిన్ కవరు కప్పి వెళ్ళవద్దు, వేడికి లోపల మొక్క ఉడికిపోతుంది. వారం దాటుతుందంటే పక్కింటివారికి తాళం ఇచ్చి, నాలుగు రోజులకొకసారి ఇటుకలు మాత్రం తడపమని చెప్పండి. కుండీల్లో పోయవద్దని గట్టిగా చెప్పండి.

వెళ్ళేముందు హైగ్రోమీటరులోని పాత అంకెలు చెరిపేసి మొక్కల మధ్య పెట్టండి. తిరిగి వచ్చాక కనిష్ఠ అంకె చూడండి. అది 45 కంటే కిందికి దిగకపోతే, వచ్చే ఏడు కూడా అదే చోట, అదే ఏర్పాటు చేసుకుని వెళ్ళవచ్చు.